రోగియైన పసిబిడ్డకు తోడు: బీమారిస్తాను నుండి స్కానింగు గది వరకు

ఇస్లామీయ వైద్య చరిత్రను గురించి వ్రాసేవారు సాధారణంగా గొప్ప హకీముల పేర్లను, వారి గ్రంథాలను, బగ్దాదు, డమాస్కసు, కైరో నగరాలలోని వైద్యశాలల వైభవాన్ని వర్ణిస్తారు. ఆ వైభవం నిజమైనదే. కాని వైద్యశాలలో రోగి ఒక్కడే ఉండడు. రోగి పసిబిడ్డ అయినప్పుడు ప్రక్కన తల్లి ఉంటుంది, తండ్రి ఉంటాడు, నానీయో దాదీయో ఉంటుంది. తన బాధ ఏమిటో చెప్పలేని రోగి, ఆ బాధను తాను పడనందుకు కుమిలిపోయే తోడు: వీరిద్దరి చరిత్ర ఎక్కువగా వ్రాయబడలేదు. ఉర్దూలో తీమార్‌దారీ అనబడే ఈ సేవకు ఇస్లామీయ సంప్రదాయంలో ఏ స్థానం ఉన్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది గతానికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని తాడిమర్రి వంటి మండలం నుండి బిడ్డను చంకనెత్తుకొని బత్తలపల్లికో, అనంతపురానికో, బెంగుళూరుకో, రాయవేలూరుకో బయలుదేరే కుటుంబానికి ఈనాడు మూడు సందేహాలు ఎదురవుతాయి. బిడ్డను యంత్రం క్రింద పడుకోబెట్టడం తగునా? తలుపు మూసిన గదిలో బిడ్డ భయపడితే ఏమి చేయాలి? బిడ్డ అడిగినప్పుడు నిజం చెప్పాలా, మభ్యపెట్టాలా? ఈ మూడింటికీ మన పూర్వుల ఆచరణలో కొంత వెలుగు దొరుకుతుంది.

దైవప్రవక్త (స) ఆదర్శం

రోగిని పరామర్శించడం, అనగా ఇయాదత్, ముస్లిముకు ముస్లిముపై గల హక్కులలో ఒకటిగా హదీసులలో పేర్కొనబడినది. ఆ హక్కు పెద్దవారికే పరిమితం కాదు, స్వమతస్థులకే పరిమితం కాదు. తమకు సేవ చేస్తుండిన ఒక యూద బాలుడు జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) స్వయంగా అతని ఇంటికి వెళ్ళి, తలదగ్గర కూర్చొని పరామర్శించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. రాజ్యాధినేత ఒక పనిపిల్లవాని పడక వద్ద కూర్చోవడం ఆనాటి అరబ్బు సమాజంలో సామాన్య విషయం కాదు.

నమాజులో ఉండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనస్సు కలతపడుతుందని ఆయన (స) నమాజును క్లుప్తం చేసేవారు. తమ కుమార్తె బిడ్డ చివరి శ్వాసలో ఉన్నప్పుడు ఒడిలోనికి తీసుకొని కన్నీరు కార్చారు. అక్కడున్న ఒక సహాబీ ఆశ్చర్యపోగా, ఆ కన్నీరు అల్లాహ్ తన దాసుల హృదయాలలో ఉంచిన కారుణ్యమని వివరించారు. బిడ్డ బాధకు తల్లడిల్లడం విశ్వాసంలోని లోపం కాదని దీనివలన స్పష్టమవుతున్నది. ఆసుపత్రి వరండాలో ఏడ్చే తల్లిని "సబ్ర్ చేయమ్మా, ఏడవరాదు" అని గద్దించే పెద్దలు ఈ హదీసును జ్ఞాపకం చేసుకోవాలి. సబ్ర్ అంటే కన్నీరు లేకపోవడం కాదు, అల్లాహ్ నిర్ణయంపై ఫిర్యాదు లేకపోవడం.

చికిత్సకు సంబంధించి మరొక ఉల్లేఖనం గమనార్హమైనది. ఆ కాలంలో పిల్లలకు గొంతువాపు వస్తే తల్లులు వ్రేలితో అంగుటిని గట్టిగా నొక్కేవారు. ఉమ్మె ఖైస్ (రజి) తమ బిడ్డకు ఈ విధంగా చేసి తీసుకొని రాగా, పిల్లలను ఇట్లా ఎందుకు హింసిస్తారని దైవప్రవక్త (స) ప్రశ్నించి, దానికి బదులు ఊదె హిందీ, అనగా మన దేశపు కోష్టును వాడుమని సూచించారు. ఈ హదీసును వైద్యులు మూలికా గుణాల కొరకు చదివారు. కాని ఇందులో అంతకంటె విశాలమైన సూత్రం ఉన్నది. బిడ్డకు చికిత్స అవసరమే. అయితే బాధ తక్కువగా ఉండే మార్గం దొరికినప్పుడు బాధ ఎక్కువగా ఉండే మార్గాన్ని ఎంచుకోరాదు. ఈ వ్యాసంలో ముందు రాబోయే యంత్రాల విషయంలో కూడ ఈ సూత్రమే వర్తిస్తుంది.

హిజ్రీ 5వ సంవత్సరం (క్రీ.శ. 627) ఖందఖ్ యుద్ధ సమయంలో గాయపడిన సఅద్ బిన్ మఆజ్ (రజి) కొరకు మస్జిదె నబవీలోనే గుడారం వేయబడినది. గాయపడినవారికి సేవ చేసే రుఫైదా (రజి) పేరు ఈ సందర్భంలో ప్రసిద్ధి. రోగి జనానికి దూరంగా కాక, పరామర్శకు దగ్గరగా ఉండాలన్న భావం తొలి దశలోనే ఉండినదని ఇది తెలుపుతున్నది.

హకీముల గ్రంథాలలో పసిబిడ్డ

క్రీ.శ. 925 ప్రాంతంలో మరణించిన అబూ బక్ర్ అల్ రాజీ పిల్లల వ్యాధులపై ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం వ్రాశాడు. అది లాటిను అనువాదం ద్వారా ఐరోపాలో శతాబ్దాల తరబడి చదవబడినది. మశూచికం, తట్టు వేర్వేరు వ్యాధులని వివరించిన ఆయన గ్రంథం మరింత ప్రసిద్ధి పొందినది. పదవ శతాబ్దంలోనే ఖైరవాన్ నగరంలో ఇబ్నుల్ జజ్జార్, కార్డోవాలో అరీబ్ బిన్ సఅద్, ఈజిప్టులో అహ్మద్ అల్ బలదీ శిశుపోషణపై, శిశు వ్యాధులపై వేర్వేరుగా గ్రంథాలు వ్రాశారు. ఒకే శతాబ్దంలో మూడు దూరదేశాల వైద్యులు ఒకే విషయంపై కలము పట్టడం యాదృచ్ఛికం కాదు. బిడ్డ అంటే చిన్న పరిమాణంలో ఉన్న పెద్దమనిషి కాదు, బిడ్డ శరీరధర్మం వేరు, చికిత్స వేరు అన్న అవగాహన స్థిరపడినదని దీని అర్థం.

ఇబ్నె సీనా (మరణం క్రీ.శ. 1037) తన అల్ ఖానూన్ మొదటి భాగంలోనే శిశు సంరక్షణకు చోటు ఇచ్చాడు. బిడ్డకు రెండు విషయాలు మేలు చేస్తాయని ఆయన అభిప్రాయం: మెల్లగా ఊపడం, జోలపాట. మొదటిది శరీరానికి, రెండవది మనస్సుకు. మందు కంటె ముందు ఊయలను పేర్కొన్న ఈ వైద్యుని మాట తెలుగు తల్లులకు కొత్తది కాదు.

కార్డోవా శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ (మరణం క్రీ.శ. 1013) తన అల్ తస్రీఫ్‌లో సున్తీని వివరిస్తూ, బాలుని సంతోషంగా ఉంచాలని, కత్తెర అతని కంట పడకుండా దాచాలని, దారం మాత్రమే కట్టబోతున్నామని అతడు అనుకొనేటట్లు చేయాలని సూచించాడు. వెయ్యి సంవత్సరాల క్రితం ఒక శస్త్రవైద్యుడు పిల్లవాని భయాన్ని చికిత్సలో భాగంగా పరిగణించాడన్నది ఇందులోని గొప్పతనం. పిల్లవానిని మభ్యపెట్టవచ్చునా అన్నది ఇందులోని చిక్కు. దీనికి సమాధానం తరువాత చూడగలము.

పద్నాలుగవ శతాబ్దపు ఇమాం ఇబ్నె ఖయ్యిం (మరణం హి.శ. 751, క్రీ.శ. 1350) తుహ్ఫతుల్ మౌదూద్ అనే గ్రంథంలో నవజాత శిశువుకు సంబంధించిన ధర్మ నిబంధనలతోపాటు పోషణ విషయాలను కూడ చర్చించారు. పెద్ద శబ్దాలు, భయంకర దృశ్యాలు, కుదిపివేసే కదలికల నుండి పసిబిడ్డను కాపాడాలని, ఎప్పుడైనా బిడ్డ బెదిరితే వెంటనే పాలు పట్టి, ఇష్టమైనది చేతికిచ్చి, ఆ భయం మనస్సులో నాటుకొనకముందే మరపింపజేయాలని ఆయన హెచ్చరించారు. భయాన్ని ఒక గాయంగా, దానికి సత్వర చికిత్స అవసరమైనదిగా చూడడం ఇందులోని విశేషం.

బీమారిస్తానులు, వక్ఫులు

బగ్దాదులో అజుదీ వైద్యశాల (క్రీ.శ. 982), డమాస్కసులో నూరీ వైద్యశాల (క్రీ.శ. 1154), కైరోలో మన్సూరీ వైద్యశాల (హి.శ. 683, క్రీ.శ. 1284) పేరు పొందినవి. మన్సూరీ స్థాపకుడు సుల్తాన్ ఖలావూన్ అంతకు పూర్వం డమాస్కసులో జబ్బుపడి నూరీ వైద్యశాల మందులతో కోలుకొని, తానూ అటువంటిది కట్టిస్తానని మొక్కుకొన్నట్లు చరిత్రకారులు వ్రాశారు. ధనిక, పేద భేదం లేకుండా స్త్రీ పురుషులందరికీ అక్కడ ప్రవేశముండినది. కోలుకొని వెళ్ళేవారికి సహాయం కూడ ఇచ్చేవారు, ఇల్లు చేరిన వెంటనే కూలికి పోవలసిన అవసరం లేకుండా. రోగం మనిషినే కాక అతని ఇంటి పొయ్యిని కూడ పట్టుకొంటుందని వారికి తెలుసు.

క్రీ.శ. 1488లో సుల్తాన్ రెండవ బాయజీద్ ఎదిర్నేలో కట్టించిన వైద్యశాలలో రోగుల మనశ్శాంతి కొరకు వారానికి మూడు పర్యాయాలు గాయకులు, వాద్యకారులు వచ్చేవారని యాత్రికుడు ఎవ్లియా చలబీ వర్ణించాడు. నీటి ధార చప్పుడు, పూల పరిమళం కూడ అక్కడ చికిత్సలో భాగములే.

ఈ సంస్థలన్నింటికీ ఆధారం వక్ఫు. వక్ఫు పరిధి ఎంత సూక్ష్మంగా ఉండినదో ఇబ్నె బతూతా క్రీ.శ. 1326లో డమాస్కసులో చూశాడు. ఒక బానిస బాలుని చేతిలో నుండి చీనా పళ్ళెం జారి పగిలిపోయినది. యజమాని కొడతాడని అతడు వణుకుతుండగా, పాత్రల వక్ఫు నిర్వాహకుని వద్దకు ఆ పెంకులను తీసుకొని పొమ్మని జనం సలహా ఇచ్చారు. అక్కడ అతనికి కొత్త పళ్ళెం కొనుక్కొనేందుకు డబ్బు దొరికినది. ఒక పిల్లవాని గుండె బెదరకుండా కాపాడేందుకు ఆస్తిని అల్లాహ్ పేర అంకితం చేసిన సమాజమది. బిడ్డ భయం చిన్న విషయం కాదని, సమష్టి బాధ్యత అని వారు భావించారనుటకు ఇంతకంటె నిదర్శనం అవసరం లేదు.

దక్కను, తెలుగు నేల

ఈ సంప్రదాయం దక్కనుకు కూడ చేరినది. బహమనీల కాలంలో బీదరులో దారుష్షిఫా వెలసినది. హైదరాబాదులో ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో రెండంతస్తుల దారుష్షిఫాను నిర్మించాడు; యూనానీ వైద్యం, వైద్య విద్య రెండూ అక్కడ సాగేవి. ఈనాటికీ ఆ పేటకు ఆ పేరే నిలిచినది.

తెలుగు నేలపై పసిబిడ్డల వైద్యశాల అనగానే గుర్తుకు వచ్చేది హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి. ఉస్మానియా తుర్కీ రాజవంశానికి చెందిన నీలోఫర్ (1916-1989) ఏడవ నిజాం రెండవ కుమారుడు మొఅజ్జం జాహ్‌ను వివాహమాడి హైదరాబాదుకు వచ్చారు. ఆమె పరిచారిక ఒకరు 1949లో కాన్పు సమయంలో తగిన వైద్యం అందక మరణించగా, ఆ దుఃఖం నుండి స్త్రీల, శిశువుల కొరకు ప్రత్యేక ఆసుపత్రి ఆలోచన పుట్టినది. 1953లో అది ప్రారంభమైనది. సంతానం లేని ఒక రాకుమారి పేరును తెలుగు రాష్ట్రాల లక్షలాది తల్లులు తమ బిడ్డల జబ్బుతో కలిపి తలచుకొంటున్నారు.

రాయలసీమ కుటుంబాలు హైదరాబాదు కంటె ఎక్కువగా రాయవేలూరు వైపు చూశాయి. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు మూలమైన సంఘటనలో ఒక ముస్లిం ఇంటి విషాదం కూడ ఉన్నది. మిషనరీ వైద్యుని కుమార్తె ఐడా స్కడ్డర్ యువతిగా ఉన్నప్పుడు ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, వారిలో ఒకరు ముస్లిం, కాన్పు కష్టమైన తమ భార్యల కొరకు సహాయం కోరి వచ్చారు. మగ వైద్యుడు తాకరాదని వారు ఒప్పుకొనలేదు. ఆమె అప్పటికి వైద్యురాలు కాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఆమె వైద్యం చదివి 1900లో రాయవేలూరులో సేవ ప్రారంభించారు. 1918లో స్త్రీల వైద్య పాఠశాల వెలసినది. ఒక అవసరాన్ని సమాజం తీర్చలేనప్పుడు పర్దా పేరుతో ప్రాణాలు పోవడం ధర్మం కోరిన విషయం కాదు. నిర్బంధ పరిస్థితిలో చికిత్స కొరకు నిబంధనలు సడలుతాయని ఫుఖహాలు ఏనాడో స్పష్టం చేశారు.

ఐరోపాలో మూసుకొన్న తలుపు

ఆధునిక శిశు వైద్యశాల ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దంలో రూపుదిద్దుకొన్నది. లండనులో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి 1852లో తెరవబడినది. శుభ్రత, క్రమశిక్షణ పెరిగాయి, మరణాలు తగ్గాయి. కాని అంటువ్యాధుల భయంతోను, తల్లి వచ్చి వెళితే బిడ్డ ఎక్కువ ఏడుస్తుందన్న భావనతోను అక్కడి అనేక ఆసుపత్రులు తల్లిదండ్రుల రాకపై కఠిన నిషేధాలు విధించాయి. వారానికి ఒకటి రెండు గంటలు మాత్రమే బిడ్డను చూడనిచ్చిన చోట్లు ఉండేవి. ఏడ్చి ఏడ్చి మౌనం వహించిన బిడ్డను చూసి "అలవాటుపడినది" అని నర్సులు అనుకొనేవారు.

ఆ మౌనం అలవాటు కాదు, నిరాశ అని నిరూపించినవారు తక్కువమంది. న్యూకాసిల్‌లో వైద్యుడు జేమ్స్ స్పెన్స్ 1920లలోనే తల్లులను బిడ్డలతోపాటు ఆసుపత్రిలో ఉండనిచ్చాడు. జాన్ బౌల్బీ తల్లి నుండి ఎడబాటు బిడ్డపై చూపే ప్రభావాన్ని అధ్యయనం చేశాడు. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఆసుపత్రిలో చేరిన రెండేండ్ల పాపపై ఒక చిత్రం తీశాడు. అది చూసి చాలమంది వైద్యులు ఆగ్రహించారు, కొందరు ఆలోచించారు. చివరకు 1959లో బ్రిటనులో ప్లాట్ కమిటీ నివేదిక తల్లిదండ్రులకు నిర్బంధం లేని ప్రవేశాన్ని, చిన్నపిల్లల విషయంలో తల్లి కూడ ఉండే ఏర్పాటును సిఫారసు చేసినది. అది అమలుకావడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టినది.

మన దేశపు ప్రభుత్వాసుపత్రులలో మంచం ప్రక్కన చాపమీద తల్లి, వరండాలో తండ్రి, బయట చెట్టుక్రింద సంకటి మూటతో అవ్వ ఉండడం ఎవరూ నేర్పిన విషయం కాదు. నర్సులు చాలకపోవడం దానికి ఒక కారణమైతే, రోగిని ఒంటరిగా వదలరాదన్న మన ఆచారం మరొక కారణం. ఆసుపత్రి గొప్పదైన కొద్దీ తోడును బయటికి పంపడమే నాగరికత అనుకోరాదు. ఐరోపా వందేళ్ళ పొరపాటు తరువాత తెలుసుకొన్న విషయాన్ని మనం అభివృద్ధి పేరుతో పోగొట్టుకోరాదు.

తాడిమర్రి నుండి ఆసుపత్రికి దారి

తాడిమర్రి 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. చిత్రావతి నది పారే మండలమైనా, దేశంలోనే వర్షం తక్కువగా కురిసే ప్రాంతాలలో ఇది ఒకటి. వేరుశనగ పండితే పంట, లేకుంటే వలస. సమీప ధర్మవరం పట్టు మగ్గాలకు పేరు. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది; బిడ్డతో ఆసుపత్రికి పోయిన ప్రతి దినం ఆ ఇంటికి సంపాదన లేని దినం. ఇక్కడి ముస్లిములలో ఉర్దూ మాట్లాడేవారితోపాటు తెలుగే మాతృభాషగా గల నూర్‌బాషా కుటుంబాలు కూడ అనేకం.

జబ్బుపడిన బిడ్డను మొదట ఎక్కడికి తీసుకుపోయేవారు? పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గాకు, నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్లచావిడికి ముస్లిములు, హిందువులు ఇరువురూ మొక్కులతో వెళ్ళడం ఈ సీమలో పాత ఆచారం. ఆ ఆచారంలోని అంశాలపై ఉలమాల అభిప్రాయాలు తెలిసినవే. ఇక్కడ చెప్పవలసినది ఒకటే: దుఆ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. ప్రతి వ్యాధికి అల్లాహ్ మందును సృష్టించాడని, చికిత్స చేయించుకొమ్మని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ హసన్, హుసైన్ (రజి)ల రక్షణ కొరకు దుఆ చదివినవారు ఆయనే, పిల్లలకు కోష్టు వాడుమన్నవారు కూడ ఆయనే.

ఆసుపత్రి దారి కాలక్రమంలో దగ్గరైనది. పూర్వం ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కి, కదిరి, పాకాల మీదుగా కాట్పాడి చేరి, అక్కడ నుండి రాయవేలూరు పోవడం పెద్ద జబ్బులకు మార్గం. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న ఉన్నత వైద్య సంస్థ ప్రారంభమై, గుండె శస్త్రచికిత్సలు మత భేదం లేకుండ ఉచితంగా లభించసాగాయి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, తాడిమర్రికి ప్రక్క మండలమైన బత్తలపల్లిలో 2000లో ఆసుపత్రిని తెరచినది. అదే సంవత్సరం అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. ఇట్లా ఒక తరం కాలంలోనే తాడిమర్రి బిడ్డకు పెద్ద యంత్రాలు అందుబాటులోనికి వచ్చాయి. యంత్రం దగ్గరైనది, దానిని గురించిన అవగాహన అంత త్వరగా రాలేదు.

కిరణము, ధ్వని, అయస్కాంతము

1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్-రే కిరణాన్ని కనుగొన్నాడు. 1958లో గ్లాస్గో వైద్యుడు ఇయన్ డొనాల్డ్ ధ్వని తరంగాలతో గర్భస్థ శిశువును చూడవచ్చునని ప్రకటించాడు. 1971 అక్టోబరు 1న లండనులో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రంలో మొదటి రోగి తల పరీక్ష జరిగినది. 1970లలోనే అయస్కాంత శక్తితో పనిచేసే ఎం.ఆర్.ఐ. రూపొందినది. వెలుగు కంటిలోనికి వచ్చి చూపు కలిగే విధానాన్ని వివరించిన ఇబ్నుల్ హైసమ్ కితాబుల్ మనాజిర్ ప్రపంచ విజ్ఞానానికి గొప్ప కానుక. అయితే అంతమాత్రాన ఈ యంత్రాలన్నీ మనవే అని చెప్పుకోవడం పాండిత్యం కాదు. విజ్ఞానం విశ్వాసి పోగొట్టుకొన్న సొత్తు వంటిది. ఎక్కడ దొరికినా వినియోగించుకోవాలి.

నాలుగు యంత్రాలూ ఒకటి కావు. అల్ట్రాసౌండులో కిరణం లేదు. చల్లని జిగురు పూసి చేతి పరికరాన్ని చర్మంపై త్రిప్పుతారు. ఎక్స్-రే క్షణంలో ముగుస్తుంది, కిరణ మోతాదు స్వల్పం. సి.టి. స్కాను త్వరగా పూర్తవుతుంది గాని, కిరణ మోతాదు ఎక్స్-రే కంటె చాల ఎక్కువ. ఎం.ఆర్.ఐ.లో కిరణం లేదు. కాని శబ్దం పెద్దది, సమయం అర్ధగంట వరకు, అంతకుమించి కూడ పట్టవచ్చు, ఆ సేపు కదలకూడదు. పెరిగే శరీరం కిరణాలకు ఎక్కువ సున్నితం కనుక పిల్లల విషయంలో అవసరమైన పరీక్షనే, అవసరమైనంత మోతాదులోనే చేయాలని వైద్య సంఘాలు 2008 నుండి ప్రపంచవ్యాప్తంగా ప్రచారం చేస్తున్నాయి. తక్కువ హాని గల మార్గాన్ని ఎంచుకోమన్న కోష్టు హదీసు సూత్రమే ఇది. కనుక అల్ట్రాసౌండు సరిపోతుందా అని వైద్యుని అడగడం అవిశ్వాసం కాదు, తల్లిదండ్రుల హక్కు. వైద్యుడు సి.టి. తప్పనిసరి అన్నప్పుడు భయంతో నిరాకరించడమూ సరికాదు. పాత ఫిల్ములను, రిపోర్టులను భద్రపరచి ప్రతిసారి వెంట తీసుకుపోతే అదే పరీక్ష మరల చేయవలసిన అవసరం తప్పుతుంది.

ముస్లిం కుటుంబాలకు ప్రత్యేకంగా సంబంధించిన కొన్ని విషయాలు ఉన్నాయి. ఎం.ఆర్.ఐ. గదిలోనికి లోహం పోరాదు. బిడ్డ మెడలోని రాగి, వెండి తాయెత్తు, మొలతాడు బిళ్ళ, కాలి పట్టీలు, కమ్మలు తీసివేయాలి. వెంట ఉండే తల్లి బురఖా పిన్నులు కూడ. తాయెత్తు తీస్తే కీడు కలుగుతుందని కొందరు తల్లులు బెదిరి, బట్టలలో దాచడం ప్రమాదకరం. రక్షించువాడు అల్లాహ్ మాత్రమే, లోహపు గొట్టం కాదు. ఆయతుల్ కుర్సీ నోటితో చదవడానికి ఏ యంత్రమూ అడ్డు రాదు.

చిన్నబిడ్డ కదలకుండ ఉండలేదు కనుక కొన్నిసార్లు నిద్రమందు ఇస్తారు. అప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి. సాధారణంగా ఆహారం, పోతపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు ఆపమంటారు. నీరు ఎప్పటివరకు ఇవ్వవచ్చునో వైద్యుడు చెబుతాడు. ఆకలితో ఏడుస్తున్నదని జాలిపడి అవ్వ చాటుగా బిస్కెట్టు తినిపించడం లోకసహజం. కాని మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయం కలుగవచ్చు. తినిపించిన విషయం దాచక చెప్పివేయాలి. పరీక్ష వాయిదా పడితే పడనీ. కొన్ని నెలల పసికందులకైతే మత్తు లేకుండానే, కడుపునిండా పాలిచ్చి బట్టలో చుట్టి నిద్రపుచ్చి పరీక్ష చేసే పద్ధతి కూడ ఉన్నది. వైద్యుడు ఏ పద్ధతి చెప్పాడో సరిగా తెలుసుకొనాలి. గర్భవతియైన తల్లి ఎక్స్-రే, సి.టి. గదిలో తోడుండరాదు, తండ్రి గాని మరొకరు గాని సీసపు కవచం తొడిగి నిలబడాలి.

బిడ్డకు ఏమి చెప్పాలి?

ఇప్పుడు జహ్రావీ దాచిన కత్తెర వద్దకు రావచ్చు. అబూ దావూద్ సంకలనంలో ఒక ఉల్లేఖనం ఉన్నది. ఒక తల్లి తన కుమారుని "రా, నీకొకటి ఇస్తాను" అని పిలిచినది. ఏమి ఇవ్వదలచావని దైవప్రవక్త (స) అడుగగా, ఖర్జూరమని ఆమె చెప్పినది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ ఖాతాలో అబద్ధంగా వ్రాయబడేదని ఆయన (స) హెచ్చరించారు. పసివానితో పలికిన మాట కూడ మాటే.

జహ్రావీ సూచనలో రెండు భాగాలున్నాయి. పరికరాన్ని కంటబడకుండ ఉంచడం మొదటిది. ఇది కారుణ్యం; ఇబ్నె ఖయ్యిం కోరినది కూడ ఇదే. జరుగబోయే దానిని వేరొకటిగా నమ్మించడం రెండవది. క్షణంలో ముగిసే పనికి ఆ కాలంలో అది పనికివచ్చి ఉండవచ్చు. కాని పదేపదే ఆసుపత్రికి రావలసిన బిడ్డ విషయంలో అది ఎదురు తిరుగుతుంది. "అంగడికి పోదాం రా" అని చెప్పి సూది వేయించిన తల్లిని ఆ బిడ్డ మరుసటిసారి నమ్మదు. "ఏడిస్తే డాక్టరు సూది వేస్తాడు" అని ఇంట్లో బెదిరించిన బిడ్డ, నిజంగా వైద్యుడు కావలసి వచ్చిన రోజు తెల్లకోటును చూసి కేకలు వేస్తుంది. ఆ రెండు మాటలలో మొదటిది అబద్ధం, రెండవది కీడు.

నిజాన్ని బిడ్డ వయస్సుకు తగినట్లు చెప్పడమే మార్గం. "పెద్ద కెమెరా నాయనా, నీ కడుపులోని ఫోటో తీస్తుంది. డబడబమని చప్పుడొస్తుంది, కొట్టదు. శిలమాదిరి పడుకోవల్ల. నేను ఇక్కడే ఉంటా." ఇందులో అబద్ధం లేదు. సూది ఉంటే, నొప్పి కాసేపు ఉంటుందని, తరువాత పోతుందని చెప్పాలి, నొప్పి లేదనరాదు. ముందురోజు ఇంట్లో చాపమీద కదలక పడుకొనే ఆట ఆడించవచ్చు. తెలిసిన దుప్పటి, బొమ్మ (లోహం లేనిది) వెంట ఉంచవచ్చు. తలుపు బయట నిలబడవలసి వస్తే ఎక్కడ నిలబడతామో చెప్పి అక్కడే నిలబడాలి. పరీక్ష ముగియగానే, ఇబ్నె ఖయ్యిం చెప్పినట్లు, ఒడిలోనికి తీసుకొని ఆ భయాన్ని వెంటనే తుడిచివేయాలి.

నిర్ణయాలు తీసుకొనే విషయంలో కూడ ఒక మాట. పాలు మాన్పించే విషయమై తల్లిదండ్రులు పరస్పరం సంప్రదించుకొని సమ్మతితో నిర్ణయించాలని, బిడ్డ కారణంగా తల్లికి గాని తండ్రికి గాని హాని కలుగరాదని దివ్య ఖుర్ఆన్ (2:233) బోధించినది. పాలు మాన్పించడానికే సంప్రదింపు అవసరమైతే, శస్త్రచికిత్సకు ఎంత అవసరమో ఆలోచించాలి. వైద్యుని మాట తండ్రి ఒక్కడే విని, తల్లిని వరండాలో ఉంచడం సరికాదు. రాత్రంతా బిడ్డ దగ్గర మేల్కొని ఉండి లక్షణాలు గమనించినది ఆమెయే. ఆడబిడ్డ జబ్బును "చూద్దాంలే" అని వాయిదా వేయడం మరొక అన్యాయం. స్కానింగు యంత్రాన్ని ఆడ శిశువును గుర్తించి తొలగించడానికి వాడిన సమాజం 1994లో దానికి చట్టం చేయవలసి వచ్చినది. ఆడబిడ్డను పాతిపెట్టడాన్ని నిషేధించిన ధర్మాన్ని అనుసరించేవారు, ఆ యంత్రం ఆడబిడ్డ ప్రాణం నిలపడానికి ఉపయోగపడేటట్లు చూడాలి.

జమాఅతు బాధ్యత

ఖలావూన్ వైద్యశాలలో కోలుకొన్న రోగికి ఇంటి ఖర్చు ఇచ్చారు; డమాస్కసులో పగిలిన పళ్ళానికి వక్ఫు ఉండినది. ఈనాడు పరీక్ష ఉచితమైనా, బస్సు చార్జీ, రెండు పూటల తిండి, పోయిన కూలి ఉచితం కావు. బిడ్డను మూడవసారి చూపించవలసిన తేదీన తండ్రి వేరుశనగ పీకే కూలికి పోయినాడంటే అతనికి ప్రేమ లేక కాదు. మస్జిదు కమిటీ జకాతు, సదఖా నుండి కొంత మొత్తాన్ని ఇటువంటి ప్రయాణాలకు కేటాయించవచ్చు. చదువు వచ్చిన ఒక యువకుడు వెంటబోయి చీటీలు చదివి పెట్టవచ్చు. ఇంటి దగ్గర మిగిలిన పిల్లలకు పొరుగువారు అన్నం పెట్టవచ్చు. ఇవన్నీ ఇయాదత్‌లో భాగములే. ఇంటికి వచ్చి మంచం చుట్టూ గుమిగూడి, ఇటువంటి జబ్బుతో ఎవరెవరు చనిపోయారో బిడ్డ వినేటట్లు చెప్పడం మాత్రం ఇయాదత్ కాదు.

రోగిని పరామర్శించేవారు ఉపశమనం కలిగించే మాటలు పలకాలని, ఎక్కువసేపు కూర్చొని ఇబ్బంది పెట్టరాదని మన పెద్దలు బోధించారు. యూద బాలుని తలదగ్గర కూర్చున్న దైవప్రవక్త (స) ఆదర్శం నుండి ఎదిర్నే వైద్యశాల వరకు, నీలోఫర్ నుండి బత్తలపల్లి వరకు పరచి చూస్తే, వైద్యం ఎన్ని రూపాలు మారినా ఒక అవసరం మారలేదు. బిడ్డకు తన పక్కన నమ్మదగిన మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి చేతిలో సత్యం, నోటిలో దుఆ, జేబులో పాత రిపోర్టులు ఉండాలి. షిఫా ప్రసాదించువాడు అల్లాహ్ ఒక్కడే. తోడుగా నిలబడవలసిన బాధ్యతను ఆయన మనకు అప్పగించాడు.